వైజాగ్ నుంచి ఫ్లైట్ ఎంతసేపు? దూరం, టైమ్ మీకు మీరే లెక్కేసుకోండి ఇలా

మా అపార్ట్‌మెంట్ కింద ఫ్లోర్‌లో ఉండే ఆంటీ మొన్న లిఫ్ట్ దగ్గర ఆపి అడిగారు, "బాబూ, హైదరాబాద్‌కి ఫ్లైట్ గంటే కదా, మరి మా వాడేంటి పొద్దున్న ఆరింటికి బయల్దేరమ్మా, పదకొండున్నరకి ఇంట్లో ఉంటావు అంటున్నాడు, మిగతా టైమంతా ఏమైపోతుంది" అని. ఆవిడకి ఫ్లైట్ ఎక్కడం అదే మొదటిసారి, అదీ ఒక్కరే వెళ్ళాలి, భయం మొహంలోనే కనబడుతోంది. పైకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి ఒక కాగితం మీద అంతా రాసి చూపిస్తే కుదుటపడ్డారు. ఇదే డౌట్ చాలామందికి ఉంటుంది కాబట్టి ఆవిడకి చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. ఫ్లైట్ ప్రయాణానికి టైమ్ ఒకటి కాదు, మూడు ఉంటాయి. గాల్లో ఉండే టైమ్ ఒకటి, టికెట్ మీద వేసే టైమ్ ఇంకోటి, మన గడప దాటిన దగ్గర్నుంచి అవతల గడప తొక్కే దాకా పట్టేది మూడోది. ఎవరైనా "గంటే" అన్నారంటే వాళ్ళు మొదటిదో రెండోదో చెప్తున్నారు, మనకి కావాల్సింది మాత్రం మూడోది.

స్టెప్ 1: ఏ ఎయిర్‌పోర్ట్ నుంచి ఏ ఎయిర్‌పోర్ట్‌కో ఖాయం చేసుకోండి

ఊరి పేరు చూస్తే సరిపోదు, టికెట్ మీద ఉండే మూడక్షరాల కోడ్ చూడండి. వైజాగ్‌ది వీటీజెడ్, అంటే ఎన్ఏడీ జంక్షన్ దాటాక ఉండే మన పాత ఎయిర్‌పోర్ట్, అది నిజానికి నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ డేగా, సివిల్ ఫ్లైట్లు వాళ్ళ రన్‌వేనే వాడుకుంటాయి. భోగాపురంలోది అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన కొత్త ఎయిర్‌పోర్ట్, అది విజయనగరం జిల్లాలో ఉంది, సిటీ నుంచి దాదాపు 45 కి.మీ. మీ టికెట్ ఈ రెండిట్లో ఏ ఎయిర్‌పోర్ట్‌దో చూస్కోవాలి, ఎందుకంటే గాల్లో టైమ్ పెద్దగా మారదు గానీ గాజువాకలో ఉండేవాళ్ళకీ మధురవాడలో ఉండేవాళ్ళకీ ఇంటి దగ్గర బయల్దేరే టైమ్ పూర్తిగా మారిపోతుంది. అవతలి ఊరు కూడా అంతే, ముంబైకి ఇప్పుడు నవీ ముంబైలో ఇంకో ఎయిర్‌పోర్ట్ ఉంది, ఢిల్లీలో అయితే ఎయిర్‌పోర్ట్ ఒకటే అయినా టెర్మినల్ 1 ఒక మూల, టెర్మినల్ 3 ఇంకో మూల, మధ్యలో బస్సో క్యాబో ఎక్కాల్సిందే.

స్టెప్ 2: దూరం కొలవండి

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ ఓపెన్ చేసి వైజాగ్ రన్‌వే మీద వేలు పెట్టి కాసేపు నొక్కి పట్టుకుంటే ఒక పిన్ పడుతుంది, కింద వచ్చే వివరాల్ని పైకి లాగితే దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కి మ్యాప్‌ని శంషాబాద్ దాకా జరుపుకుంటూ వెళ్తే కి.మీ. చూపించేస్తుంది. రెండు నిమిషాల పని.

కానీ నాకు చేత్తో లెక్కేస్తేనే తృప్తి, పిల్లలున్న ఇంట్లో అయితే వాళ్ళతో కూడా చేయించండి, స్కూల్లో చదివిన అక్షాంశాలు రేఖాంశాలు ఎందుకు పనికొస్తాయో వాళ్ళకి అప్పుడు తెలుస్తుంది. వైజాగ్ ఎయిర్‌పోర్ట్ అక్షాంశం 17.72, రేఖాంశం 83.22. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ 17.24, 78.43. అక్షాంశంలో తేడా 0.48 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 111 కి.మీ. చొప్పున 53 కి.మీ. రేఖాంశంలో తేడా 4.79 డిగ్రీలు, మనం ఉన్న చోట ఒక డిగ్రీకి సుమారు 106 కి.మీ. (భూమధ్యరేఖ దగ్గర 111 ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది) అంటే 508 కి.మీ. ఇప్పుడు పైథాగరస్, 53 వర్గం, 508 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 511 వస్తుంది. అంతే, వైజాగ్ నుంచి హైదరాబాద్ గాలి దారిలో 511 కి.మీ. రెండు ఊళ్ళూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, అందుకే ఫ్లైట్ దాదాపు నేరుగా పడమరకి పోతుంది.

అదే రైల్లో అయితే రాజమండ్రి, విజయవాడ, వరంగల్ తిరిగి సికింద్రాబాద్‌కి దాదాపు 700 కి.మీ., వందే భారత్‌కి కూడా ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. ఈ 190 కి.మీ. తేడా దారి వంపుల వల్ల వచ్చిందే. కాబట్టి గాలి దూరాన్ని రోడ్డు దూరంతో ఎప్పుడూ కలపొద్దు.

ఇదే పద్ధతిలో వైజాగ్ నుంచి విజయవాడ 290, చెన్నై 618, బెంగళూరు 775, ముంబై 1,104, ఢిల్లీ 1,357 కి.మీ. దాకా వస్తాయి. ఢిల్లీకి లెక్కేసేటప్పుడు రేఖాంశం డిగ్రీకి 106 వెయ్యకండి, దారి మధ్యలో ఉండే అక్షాంశానికి తగ్గట్టు 102 వెయ్యాలి. సింగపూర్ సుమారు 2,900 కి.మీ., అంత దూరానికి ఈ చేతి లెక్క కొంచెం తప్పుతుంది, అప్పుడు మ్యాప్స్‌నే నమ్ముకోండి.

ఇంక అమెరికా సంగతి. గోడ మీద వేలాడే మ్యాప్ చూసి డల్లాస్‌కి దుబాయ్, యూరప్, అట్లాంటిక్ మీదుగా పడమరకి పోవడమే దగ్గరి దారి అనుకుంటాం. ఇంట్లో గ్లోబ్ ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస వైజాగ్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం ఉత్తర ధ్రువం మీదకి ఎక్కి కూర్చుంటుంది! మన రేఖాంశం తూర్పున 83.2, డల్లాస్‌ది పడమట 97.0, రెండూ కలిపితే దాదాపు 180, అంటే వాళ్ళ రేఖాంశం మన రేఖాంశానికి సరిగ్గా అవతలి వైపు ఉంది. మా పిన్ని కొడుకు డల్లాస్‌లోనే ఉంటాడు, ఈ సంగతి చెప్పిన రోజు పిన్ని ఆ దారాన్ని అలా చూస్తూ ఉండిపోయింది. ధ్రువం మీదుగా ఆ దూరం దాదాపు 14,390 కి.మీ. నేరుగా ఫ్లైట్ లేదు కాబట్టి వైజాగ్-హైదరాబాద్ 511, హైదరాబాద్-దుబాయ్ 2,550, దుబాయ్-డల్లాస్ 12,900 వేసుకుంటే దాదాపు 16,000 కి.మీ. అవుతుంది.

స్టెప్ 3: దూరాన్ని టైమ్‌లోకి మార్చండి

దీనికి నేను వాడే లెక్క ఒకటే. దూరాన్ని 800తో భాగించండి, వచ్చిన గంటల్ని నిమిషాలు చేసి దానికి 40 నిమిషాలు కలపండి. వచ్చేది టికెట్ మీద ఉండే టైమ్‌కి దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్‌కి 38 ప్లస్ 40, అంటే గంటా పద్దెనిమిది నిమిషాలు. చెన్నై గంటా ఇరవయ్యారు, బెంగళూరు గంటా ముప్ఫై ఎనిమిది, ముంబై రెండు గంటల మూడు నిమిషాలు, ఢిల్లీ రెండు గంటల ఇరవై రెండు. మీ టికెట్ తీసి పక్కన పెట్టి చూడండి, పది నిమిషాలు అటూ ఇటూగా ఉంటుంది. సింగపూర్ లాంటి దూరానికి ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది, అక్కడికి నాలుగు గంటలు అనుకోండి.

ఆ 40 నిమిషాలు ఎందుకో కూడా చెప్పాలి. ఎయిర్‌లైన్ వాళ్ళు టైమ్ లెక్కపెట్టేది చక్రాల కింద దిమ్మలు తీసిన దగ్గర్నుంచి అవతల మళ్ళీ దిమ్మలు పెట్టే దాకా, దాన్నే బ్లాక్ టైమ్ అంటారు. అందులో రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్ళడం, లైన్లో ఆగడం, దిగాక మళ్ళీ స్టాండ్ దాకా రావడం అన్నీ కలిసే ఉంటాయి. పైగా ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటి జెట్ గంటకి 830 కి.మీ. దాకా పోయేది బాగా పైకెళ్ళాకే, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అంత స్పీడ్ ఉండదు. ఎక్కడానికి ఓ 200 కి.మీ. పోతుంది, 33,000 అడుగుల ఎత్తు నుంచి దిగడం మొదలుపెట్టేది దాదాపు 185 కి.మీ. ముందు. 511 కి.మీ.లో ఈ రెండూ తీసేస్తే మిగిలేది 125 కి.మీ., హైదరాబాద్ ఫ్లైట్ తిన్నగా ఒకే ఎత్తులో ఉండేది పది నిమిషాలే. టీ తాగడం అయ్యీ అవ్వకుండానే కప్పులు తీసుకుపోయి సీట్ బెల్ట్ పెట్టుకోమనేది అందుకే.

రెక్కల దగ్గర పంకాలు తిరిగే చిన్న విమానం, అదే ఏటీఆర్ అయితే 800 బదులు 500 వెయ్యండి. విజయవాడకి 290 కి.మీ. కాబట్టి 35 నిమిషాలకి ఓ అరగంట కలిపితే గంటా అయిదు. జెట్ కంటే నెమ్మది, అయినా అంత దగ్గర దూరానికి తేడా తక్కువే. విమానం ఏదో బుక్ చేసేటప్పుడు ఫ్లైట్ డీటెయిల్స్‌లో రాసి ఉంటుంది.

స్టెప్ 4: గాలి సంగతి

వెళ్ళేటప్పుడు ఒక టైమ్, వచ్చేటప్పుడు ఒక టైమ్ ఉంటే తప్పు అనుకోకండి. చలికాలంలో ఉత్తరాదిన పై ఎత్తుల్లో పడమర నుంచి తూర్పుకి గట్టి గాలి వీస్తుంది, జెట్ స్ట్రీమ్ అంటారు, అందుకే డిసెంబర్, జనవరిలో ఢిల్లీ నుంచి వైజాగ్ రావడం త్వరగా అయిపోతుంది, వెళ్ళేటప్పుడు పది పదిహేను నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణాదిన బాగా ఎత్తులో గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. హైదరాబాద్, చెన్నై లాంటి దగ్గర ఊళ్ళకి వెళ్ళేవాళ్ళు దీని గురించి పట్టించుకోనక్కర్లేదు.

పట్టించుకోవాల్సింది అక్టోబర్, నవంబర్ తుఫాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్ట్ టెర్మినల్ ఎంత దెబ్బతిందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చిందంటే పెళ్ళికో ఇంటర్వ్యూకో వెళ్ళేవాళ్ళు ఒక రోజు ముందు ఫ్లైట్‌కి మార్చుకోవడమే మేలు.

స్టెప్ 5: వేరే దేశం అయితే గడియారం తేడా తీసెయ్యండి

టికెట్ మీద బయల్దేరే టైమ్ ఇక్కడి టైమ్, చేరే టైమ్ అక్కడి టైమ్. దేశం లోపల ఈ గొడవ లేదు, దేశమంతటికీ టైమ్ ఒకటే, ఆ టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. రాత్రి 11కి వైజాగ్‌లో ఎక్కి పొద్దున్న 5:30కి దిగుతారని టికెట్ మీద ఉందనుకోండి, చూడ్డానికి ఆరున్నర గంటలు, అందులో రెండున్నర తీసేస్తే నాలుగు గంటల ప్రయాణం. తిరుగు ప్రయాణంలో రాత్రి 8:30కి ఎక్కి 10కి దిగినట్టు ఉంటుంది, గంటన్నరలో వచ్చేస్తామా అంటే కాదు, దానికి రెండున్నర కలపాలి, మళ్ళీ నాలుగే. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డల్లాస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా పదిన్నర. అమ్మానాన్నలకి టికెట్ పంపేటప్పుడు చేరే టైమ్ పక్కన "మన టైమ్ ఇంత" అని కూడా రాసి పంపండి, పాపం వాళ్ళు తప్పు గంటకి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు.

స్టెప్ 6: నిజంగా ఎంత పడుతోందో చూడండి

ఫ్లైట్‌రాడార్24లో మీ ఫ్లైట్ నంబర్ కొడితే గత వారం రోజులు అది ఏ టైమ్‌కి లేచింది, ఏ టైమ్‌కి దిగింది రోజువారీగా చూపిస్తుంది, ఉచితమే. వారంలో నాలుగు రోజులు ముప్పావు గంట లేటు ఉంటే మీ రోజు కూడా లేటయ్యే అవకాశం ఎక్కువని అర్థం. అలాగే ఎయిర్‌లైన్ వాళ్ళు టైమ్ కొంచెం ఎక్కువే వేసుకుంటారు, అందుకే పావుగంట లేటుగా బయల్దేరినా టైమ్‌కే దిగామని అనౌన్స్ చేస్తుంటారు.

స్టెప్ 7: మధ్యలో మారే ఫ్లైట్ ఉంటే

ఇది కాస్త మనసు పెట్టి చదవండి, మా బావ విషయంలో ఈ లెక్క నేను వేసి తప్పాను. బావకి దుబాయ్‌లో ఉద్యోగం, సెలవు అయిపోయి వెళ్తున్నాడు. వైజాగ్ నుంచి హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్ నుంచి దుబాయ్ వేరే టికెట్, విడివిడిగా కొంటే రెండు వేలు కలిసొస్తాయని అలా బుక్ చేశాం. మధ్యలో రెండుంపావు గంటలు ఉంది, ప్రయాణమే గంటా పావు కదా, చాల్లే అనుకున్నా. ఆ రోజు మొదటి ఫ్లైట్ గంటా పది నిమిషాలు లేటు. మిగిలింది గంటా అయిదు. శంషాబాద్‌లో దిగి, బెల్ట్ దగ్గర బ్యాగ్ కోసం ఆగి, బయటికొచ్చి, మళ్ళీ పైకెక్కి లోపలికి వెళ్ళేసరికి కౌంటర్ మూసేశారు. టికెట్లు రెండు కాబట్టి రెండో ఎయిర్‌లైన్‌కి మొదటి ఫ్లైట్ లేటుతో సంబంధం లేదు, డబ్బులు మొత్తం పోయాయి, కొత్త టికెట్ కొన్నాం. బావ ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది.

అందుకని మారే ఫ్లైట్ అయితే ఒకే పీఎన్ఆర్ మీద తీసుకోండి. అప్పుడు బ్యాగ్ చివరి ఊరి దాకా వాళ్ళే వేస్తారు, మొదటిది లేటై రెండోది పోతే తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించాల్సిన బాధ్యత వాళ్ళది. తప్పక విడివిడిగా కొంటే దేశం లోపల మూడు గంటలు, విదేశానికి అయితే అయిదు గంటలు గ్యాప్ పెట్టండి. విదేశం నుంచి వచ్చేటప్పుడు ఇంకో సంగతి, టికెట్ ఒకటే అయినా మన దేశంలో మొదట దిగిన చోట ఇమిగ్రేషన్ అయ్యాక బ్యాగ్ తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ ఇవ్వాల్సి ఉంటుంది, దానికీ టైమ్ వదలండి.

స్టెప్ 8: గడప నుంచి గడప దాకా

దీన్ని వెనక నుంచి లెక్కేసుకోవాలి. ఆంటీకి రాసిచ్చిన కాగితం ఇలా ఉంది, ఎంవీపీ కాలనీ నుంచి కూకట్‌పల్లి, ఫ్లైట్ 8:30కి.

6:00 ఇంట్లో క్యాబ్ ఎక్కాలి
6:50 ఎయిర్‌పోర్ట్ గేట్, ఆధార్, టికెట్ చేతిలో
7:30 బ్యాగ్ వేసే కౌంటర్ మూసేస్తారు
8:05 బోర్డింగ్ గేట్ మూసేస్తారు
8:30 బయల్దేరుతుంది
9:50 శంషాబాద్
10:15 బ్యాగ్ వచ్చేస్తుంది, బయటికి
11:30 ఇల్లు

కౌంటర్ 60 నిమిషాల ముందు, గేట్ 25 నిమిషాల ముందు, ఇది దేశం లోపల ఫ్లైట్లకి ఎక్కువ ఎయిర్‌లైన్స్ పెట్టే రూలు, మీ టికెట్ మీద ఒకసారి చూస్కోండి. ఎన్ఏడీ దగ్గర ఆఫీసుల టైమ్‌లో, సాయంత్రం ఫ్లైట్ అయితే ఇంకో ఇరవై నిమిషాలు కలపండి. శంషాబాద్ నుంచి కూకట్‌పల్లి దాదాపు 40 కి.మీ., ఔటర్ మీద క్యాబ్‌కి గంటా పావు అనుకోండి, పుష్పక్ బస్సుకి ఇంకాస్త ఎక్కువ. అంటే మొత్తం అయిదున్నర గంటలు, అందులో గాల్లో ఉండేది గంట లోపే. ఆంటీ అడిగిన మిగతా టైమ్ అంతా ఇక్కడ పోతోంది. రైల్లో వెళ్తే రెండు వైపులా ఇంటికీ స్టేషన్‌కీ కలిపి పది గంటలు. నాలుగున్నర గంటలు కలిసొస్తాయి, దానికి ఎంత పెట్టొచ్చో మీ ఇష్టం. విజయవాడకి మాత్రం నన్నడిగితే రైలే మేలు, 350 కి.మీ., స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉంటుంది, గన్నవరంలో దిగి మళ్ళీ సిటీలోకి వెళ్ళే బాధ తప్పుతుంది.

లేటైతే

బ్లాక్ టైమ్ తెలిసి ఉంటే ఇక్కడ పనికొస్తుంది. విమానాల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రూల్ ప్రకారం బ్లాక్ టైమ్ రెండున్నర గంటల లోపు ఉన్న ఫ్లైట్ రెండు గంటలు ఆలస్యమైతే ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నవాళ్ళకి తినడానికి, తాగడానికి ఇవ్వాలి. పైన చెప్పిన మన దేశంలోని ఊళ్ళన్నీ, ఢిల్లీతో సహా, మామూలుగా ఈ లోపే వస్తాయి. ఆరు గంటలు దాటి ఆలస్యమని తేలితే వేరే ఫ్లైటో పూర్తి డబ్బులో, ఏది కావాలో మీరు అడగొచ్చు. కౌంటర్ దగ్గర మర్యాదగా, గట్టిగా అడగండి, వాళ్ళంతట వాళ్ళు పిలిచి ఇస్తారని కూర్చోకండి.

ఇంక తీసుకురావడానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. యాప్‌లో ల్యాండ్ అయింది అని కనబడిన నిమిషానికే ఫోన్ చెయ్యకండి. అప్పటికి విమానం ఇంకా స్టాండ్ దగ్గరికి పాకుతూ ఉంటుంది, పెద్దవాళ్ళు సీట్ బెల్ట్, హ్యాండ్‌బ్యాగ్, పైన పెట్టిన సంచీ అన్నీ చూసుకుంటూ కంగారు పడతారు. చేతి సంచీ ఒక్కటే అయితే పావుగంట ఆగండి, బ్యాగ్ వేసి ఉంటే ఇరవై అయిదు నిమిషాలు. బెల్ట్ మీద బ్యాగ్ చేతికొచ్చాక నువ్వే ఫోన్ చెయ్యమ్మా అని ముందే చెప్పి ఉంచండి, ఆ ఫోన్ వచ్చాక కారు పార్కింగ్ నుంచి తియ్యండి, ఆవిడ గేట్ దగ్గరికి నడిచి వచ్చేసరికి మీరు అక్కడుంటారు.